అమ్మ కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ ఆపేసి ఆయుర్వేదానికి మారొచ్చా?

వేళచ్చేరి_వనజ
మా అమ్మకి 62 ఏళ్ళు. ఒంగోలు నుంచి వచ్చి ఇక్కడ చెన్నైలో మా దగ్గరే ఉంటోంది. రెండు చేతుల వేళ్ళ కణుపులూ వాచిపోయాయి. పొద్దున లేచి గంట దాటినా పిడికిలి ముడవలేదు. కాఫీ గ్లాసు రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని తాగుతుంది. జడ నేనే వేస్తున్నాను. కీళ్ళ డాక్టరు పరీక్షలన్నీ చేయించి రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేల్చారు. వారానికోసారి మెథోట్రెక్సేట్, దాంతోపాటు ఫోలిక్ యాసిడ్, కొన్నాళ్ళకి చిన్న డోసు స్టెరాయిడ్ రాశారు. మొదలుపెట్టి నెల అవుతోంది.

ఇంట్లో రోజూ పంచాయితీయే. మా మేనమామ "అది క్యాన్సర్ మందు, లివర్ పోతుంది, ఆపేయండి, వాతానికి ఆయుర్వేదమే" అంటాడు. ఎదురింటి తమిళావిడ తాంబరంలోని సిద్ధ (తమిళుల సంప్రదాయ వైద్యం) ఆస్పత్రికి తీసుకెళ్ళమంటుంది. మా ఆడపడుచు హోమియో అంటుంది. అమ్మ ఎవరు ఫోన్ చేస్తే వాళ్ళ మాటకి తలూపుతుంది. మొన్న మాత్ర మింగకుండా దిండు కింద పెట్టేసింది.

ఏ వైద్యం ఏ జబ్బుకి ఎంతవరకు పనిచేస్తుందో, దేన్ని నమ్మి దేన్ని ఆపొచ్చో తెలిసినవాళ్ళు చెప్పండి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

పల్లవరం_ప్రసాద్
మీ మేనమామ మాటలో తప్పేం లేదండీ. అల్లోపతి నొప్పిని అణిచిపెడుతుంది, ఆయుర్వేదం మూలం పట్టుకుంటుంది. నాకు భగందరం (మలద్వారం దగ్గర చీము కారే పుండు, ఫిస్టులా) ఉండేది. ఆపరేషన్ చేయించుకున్నా తిరగబెట్టింది. కూర్చోలేను, బండి నడపలేను. చివరికి ఒక ఆయుర్వేద డాక్టరు క్షారసూత్రం, అంటే మందు పట్టించిన దారం కట్టారు. వారం వారం దారం మార్చేవారు, మంట పుట్టేది, కానీ పూర్తిగా మానిపోయింది. ఏళ్ళు గడిచాయి, మళ్ళీ రాలేదు. ఎవరేమన్నా నేను ఆయుర్వేదం వైపే.

మాత్రలకొట్టు
మిగతా చర్చ తర్వాత. ముందు ఇది చదవండి వనజ గారూ. మెథోట్రెక్సేట్ వారంలో ఒక్కరోజే. పొరపాటున రోజూ వేసుకుంటే నోట్లో పుండ్లు పడతాయి, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదికి వస్తుంది. మా షాపులో ఈ మాత్ర అమ్మేటప్పుడు అట్ట మీద మార్కర్‌తో రోజు పేరు రాసి ఇస్తాం, "ఆదివారం మాత్రమే" అని. మీరూ రాయండి. దిండు కింద దొరికిన మాత్రని ఈ వారం మాత్రతో కలిపి ఇవ్వకండి, డాక్టరుకి ఫోన్ చేసి అడగండి.

క్యాన్సర్ మందు అన్నది సగం నిజం. కీళ్ళకి వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు ఇస్తారు. క్యాన్సర్‌కి ఇచ్చే మోతాదులు దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ. లివర్ సంగతి మాత్రం మీ మామయ్య గాలికి అనలేదు. అందుకే డాక్టర్లు మధ్యమధ్యలో రక్తపరీక్ష రాస్తారు, అది మానకండి.

వేళచ్చేరి_వనజ
అట్ట మీద రాశాను. ఇంత సంగతి మాకెవరూ చెప్పలేదండీ. చీటీలో చిన్న అక్షరాలతో ఉంది, అంతే.

తిప్పతీగ
నేను బీఏఎంఎస్ (ఆయుర్వేద డిగ్రీ) చదివాను, ఇక్కడే ప్రాక్టీస్. ప్రసాద్ గారి అభిమానానికి సంతోషమే గానీ "వాతానికి ఆయుర్వేదం" అన్న మాట దగ్గరే చాలామంది దెబ్బతింటున్నారు. మనవాళ్ళు కీళ్ళ నొప్పి అని ఒక్క మాటతో అనేసేది మా శాస్త్రంలో కనీసం మూడు జబ్బులు. వయసుతో కీలు అరిగితే సంధిగతవాతం. బొటనవేలు ఎర్రబడి భగ్గుమనేది వాతరక్తం. ఒళ్ళు బరువు, ఆకలి లేకపోవడం, పొద్దున పట్టేయడం, చేతుల కీళ్ళు వాయడం ఉంటే ఆమవాతం. వనజ గారి అమ్మగారివి ఆమవాతం లక్షణాలకి దగ్గరగా ఉన్నాయి. మా పాత గ్రంథం మాధవనిదానంలో దీనికి ఒక అధ్యాయమే ఉంది.

ఇప్పుడు అసలు విషయం. ఆమం (సరిగ్గా అరగక ఒంట్లో పేరుకునేది) ఉన్న దశలో నూనె మర్దన చేయకూడదని మా గ్రంథాలే చెబుతాయి. పాత వైద్యుడు చక్రదత్తుడు చెప్పిన వరస లంఘనం (ఉపవాసం), స్వేదనం (చెమట పట్టించడం), చేదు కారం ద్రవ్యాలు, జఠరాగ్నిని, అంటే అరుగుదలని పెంచేవి. కాపడం కూడా ఇసుక మూటతో పొడిగా పెట్టాలి. కానీ ఊళ్ళో ఏం జరుగుతోంది? మోకాలు నొప్పన్నా వేళ్ళు వాచాయన్నా ఒకటే నూనె సీసా చేతిలో పెడతారు. అది ఆయుర్వేదం పేరుతో జరిగే వ్యాపారం.

నా దగ్గరికి వచ్చే ఆమవాతం రోగులకి నేను మెథోట్రెక్సేట్ ఆపను. ఈ జబ్బులో మొదటి ఒకట్రెండేళ్ళు చాలా ముఖ్యం, ఎముక కోసుకుపోతే మళ్ళీ పూడదు. మా మందులు ఆ కోత ఆపుతాయని ఎక్స్‌రేలతో చూపించగల ఆధారం నా చేతిలో లేదు. లేనిది ఉందని చెప్పి ఒక మనిషి వేళ్ళతో ఆడుకోలేను. ఆకలి, మలబద్ధకం, నిద్ర, పట్టేయడం లాంటి వాటికి మా వైపు నుంచి చేయగలిగినవి చేస్తాను, అదీ వాళ్ళ కీళ్ళ డాక్టరుకి తెలిసేలా.

పల్లవరం_ప్రసాద్
ఆయుర్వేద డాక్టరే ఇలా అంటే ఇంకెవరికి చెప్పుకుంటాం! మీ శాస్త్రం మీద మీకే నమ్మకం లేదా?

తిప్పతీగ
నమ్మకం ఉంది కాబట్టే ఎక్కడిదాకా ఉందో చెబుతున్నాను ప్రసాద్ గారూ. మీ భగందరం నా దగ్గరికి వచ్చినా నేనూ క్షారసూత్రమే కట్టేవాడిని.

నైట్_డ్యూటీ
సర్కారు ఆస్పత్రిలో జనరల్ మెడిసిన్ పీజీ చేస్తున్నా. క్షారసూత్రం విషయంలో ప్రసాద్ గారికి నా ఓటు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ళు ఆపరేషన్‌తో పోల్చి చూసి 1991లో ఫలితాలు వేశారు. మానడానికి ఆపరేషన్ అయితే 4 వారాలు, క్షారసూత్రానికి 8 వారాలు పట్టింది. కానీ ఏడాది తర్వాత తిరగబెట్టింది చూస్తే ఆపరేషన్ వాళ్ళలో 11 శాతం, క్షారసూత్రం వాళ్ళలో 4 శాతం. అంటే ఓపిక పట్టగలిగితే దారమే మేలు. దీన్ని ఒప్పుకోవడానికి ఏ సర్జన్‌కీ నామోషీ ఉండక్కర్లేదు.

కానీ దారం భగందరాన్ని మాన్పింది కాబట్టి కషాయం కీళ్ళవాతాన్ని మాన్పుతుందంటే ఎలా? ఒక్కో జబ్బుకి, ఒక్కో మందుకి విడివిడిగా లెక్క చూడాలి.

అంకెల_పిచ్చి
ఆ లెక్క కీళ్ళవాతానికి కూడా ఉంది, మన పక్కనే కోయంబత్తూరులో చేశారు. 2011లో అచ్చయింది. 43 మంది రోగుల్ని మూడు గుంపులు చేశారు. ఒకరికి ఆయుర్వేదం, ఒకరికి మెథోట్రెక్సేట్, మరొకరికి రెండూ. ఎవరికి ఏది అసలు, ఏది ఉత్తుత్తి మందు అన్నది రోగికీ తెలియదు, కొలిచే డాక్టరుకీ తెలియదు. ఆయుర్వేద వైద్యులు ఒక్కో రోగిని చూసి మందు మార్చుకోవచ్చు కూడా. "మా వైద్యం మనిషిని బట్టి ఉంటుంది, దాన్ని పరీక్షించడం కుదరదు" అనే వాదనకి ఇది మంచి జవాబు, కుదిరింది మరి. 36 వారాల తర్వాత మూడు గుంపులూ దాదాపు ఒకేలా మెరుగయ్యాయి. చిన్నాచితకా ఇబ్బందులు ఆయుర్వేదం ఒక్కటే వాడినవాళ్ళలో తక్కువ.

పల్లవరం_ప్రసాద్
అంకెల గారూ, ఇదే కదా నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది! సమానం అని తేలిపోయింది. ఇంక ఆ మాత్ర ఎందుకు?

అంకెల_పిచ్చి
ఆగండాగండి. 43ని మూడుతో భాగించండి. గుంపుకి పద్నాలుగు పదిహేను మంది. ఇంత తక్కువమందిలో తేడా కనపడలేదంటే తేడా లేదని కాదు, ఉన్నా పట్టుకునే శక్తి ఆ పరీక్షకి లేదని. చేసినవాళ్ళు కూడా దీన్ని పైలట్ అనే పిలిచారు, అంటే పెద్ద పరీక్ష చేయడం సాధ్యమా అని చూసే తొలి అడుగు. మెథోట్రెక్సేట్ వెనక దశాబ్దాల తరబడి వేలమంది మీద చేసిన పరీక్షలున్నాయి. నాకు బాధ ఎక్కడంటే, ఇంత మంచి మొదలు పడ్డాక వందలమందితో పెద్ద పరీక్ష వెంటనే జరగాల్సింది. దేశంలో ఆయుష్‌కి, అంటే ఆయుర్వేదం, సిద్ధ, హోమియో లాంటి వైద్యాలకి 2014 నుంచి ప్రత్యేకంగా మంత్రిత్వ శాఖే ఉంది. డబ్బు పెట్టాల్సింది ఇలాంటి వాటి మీద.

శొంఠి_కాఫీ
వనజక్కా, మా ఇంట్లో కూడా సేమ్ సీన్. మా నాన్న బీపీ మాత్ర పొద్దున, మామ్మ ఇచ్చే కషాయం మధ్యాహ్నం, పిన్ని ఇచ్చే తెల్ల గుళికలు రాత్రి. ఎవర్నీ నొప్పించకూడదని అన్నీ వేసుకుంటాడు పాపం.

మాత్రలకొట్టు
శొంఠి గారూ, మీ నాన్నగారిని ఆ మూడూ ఒక కాగితం మీద రాసి డాక్టరుకి చూపించమనండి. సీరియస్‌గా అంటున్నాను.

తాంబరం_లోకల్
సిద్ధ గురించి ఎవరూ మాట్లాడలేదే. మాది మూడు తరాలుగా ఇక్కడే, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. తాంబరం శానటోరియం స్టేషన్ దగ్గర జాతీయ సిద్ధ సంస్థ 2005లో మొదలైంది. పొద్దున్నే వెళ్తే ఓపీలో జనం బారులు తీరి ఉంటారు, పల్లెల నుంచి కూడా వస్తారు. ఆయుర్వేదంలాగే ఇక్కడా వాత పిత్త కఫాలే. కానీ సంప్రదాయం పద్ధెనిమిది మంది సిద్ధులది, గ్రంథాలు తమిళంలో. నాడి చూడటానికి చాలా ప్రాధాన్యం. లోహాలు, ఉప్పులు, పాషాణాల వాడకం కూడా ఎక్కువ. వాటితో చేసే మందుల్ని పర్పం, చెందూరం అంటారు.

2012లో డెంగీ వచ్చినప్పుడు నిలవేంబు కషాయం ఊరంతా పంచారు, మన నేలవేముతో చేసేదే. వట్టివేళ్ళు, తుంగముస్తలు, శొంఠి, మిరియాలు కూడా పడతాయి. 2020లో కరోనాకి కబసుర కుడినీర్ అనే ఇంకో కషాయం. మా ఇంట్లో రెండూ తాగాం. నేలవేము చేదు నాలుక మీద సాయంత్రం దాకా పోదు. మా తమ్ముడు అది తాగాల్సి వస్తుందనే జ్వరం దాచేవాడు.

నైట్_డ్యూటీ
నేలవేము మీద ల్యాబుల్లో పని జరిగింది, జరుగుతోంది. అది తాగితే డెంగీ తగ్గుతుందని రోగుల్లో గట్టిగా తేలలేదు. తాగితే తాగండి గానీ ప్లేట్‌లెట్లు, నీళ్ళు, కడుపునొప్పి, రక్తస్రావం చూసుకోవడం మానకండి. డెంగీలో జ్వరం తగ్గిన తర్వాతే ప్రమాదం ముంచుకొస్తుంది. కషాయం పనిచేసిందనుకుని ఇంట్లో కూర్చునేది సరిగ్గా ఆ రోజే.

తాంబరం గారు శానటోరియం అన్నారు కాబట్టి ఒకటి చెప్పాలి. ఆ స్టేషన్‌కి పేరిచ్చిన క్షయ ఆస్పత్రిని డాక్టర్ చౌరీ ముత్తు 1928లో పెట్టారు. అప్పట్లో క్షయకి మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, పాలు గుడ్లు, అంతే. మందులు వచ్చాక కూడా శానటోరియంలో పడుకుంటేనే నయమవుతుందని ప్రపంచమంతా నమ్మింది. దాన్ని పరీక్షించింది మన ఊళ్ళోనే. 1956లో చేట్‌పెట్‌లో పెట్టిన క్షయ పరిశోధన కేంద్రం వాళ్ళు రోగుల్ని చీట్లేసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపు శానటోరియంలో, రెండో గుంపు ఇరుకు ఇళ్ళల్లో. మందులు ఇద్దరికీ ఒకటే. ఇంట్లో ఉన్నవాళ్ళ తిండి అంతంతమాత్రం, విశ్రాంతి తక్కువ. ఏడాది గడిచాక చూస్తే రెండు గుంపుల్లోనూ ఫలితం దాదాపు సమానం. ఇంట్లోవాళ్ళకి అంటుకోవడం కూడా ఎక్కువ కాలేదు. 1959లో అచ్చయిన ఆ ఫలితం చూసి దేశదేశాల్లో క్షయ వైద్యం ఇళ్ళకి మారింది.

అల్లోపతి డాక్టర్ల సొంత నమ్మకమే అక్కడ కూలింది. ఆయుర్వేదాన్నయినా సిద్ధనయినా ఇదే తక్కెడలో తూచమని అడుగుతున్నాం. అందులో అవమానం ఏముంది?

పల్లవరం_ప్రసాద్
తక్కెడ మీది, తూకం రాళ్ళు మీవి. అల్లోపతి మందులు చంపలేదా ఎవర్నీ?

నైట్_డ్యూటీ
చంపాయి ప్రసాద్ గారూ. కీళ్ళ నొప్పుల మందే ఉదాహరణ, రోఫెకాక్సిబ్. లక్షలమంది వాడారు. గుండెపోట్లు పెరుగుతున్నాయని తేలాక 2004లో ప్రపంచమంతా వెనక్కి తీసుకున్నారు. ఎలా తేలింది? ఉత్తుత్తి మాత్రతో పోల్చిన పరీక్షలోనే. తప్పు బయటపడే దారి ఉంది కాబట్టి పడింది. మార్కెట్లో ఉన్న చూర్ణాల్లో ఎవరికి ఏం జరిగిందో రాసిపెట్టే అలవాటు ఎంతమందికి ఉంది? మీ తిప్పతీగనే తీసుకోండి, హ్యాండిల్ గురించి కాదు, మొక్క గురించి. కరోనా రోజుల్లో ఇంటింటా వాడారు. 2021లో ముంబయి డాక్టర్లు కొందరి లివర్ దెబ్బతిన్న కేసులు ప్రచురించారు.

తిప్పతీగ
ఆ గొడవ నాకు బాగా తెలుసు. ఆయుష్ శాఖ అది వేరే జాతి తీగ అయ్యుండొచ్చని అంది, తిప్పతీగ కుటుంబమైన టినోస్పోరాలోనే చూడ్డానికి ఒకేలా ఉండే మరో రకం ఉంది. తర్వాత చాలా ఆస్పత్రులు కలిసి ఇంకొన్ని కేసులు వేశాయి. నేను ఇప్పుడు ఆటోఇమ్యూన్ జబ్బులున్నవాళ్ళకి (ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటిని దెబ్బతీసే జబ్బులు) తిప్పతీగ రాసేముందు లివర్ పరీక్ష చూస్తున్నాను. "మూలికే కదా, ఏం కాదు" అన్న మాట మా చరకుడే ఒప్పుకోడు. తెలియక వాడితే ఔషధమైనా విషమే, తెలిసి వాడితే విషమైనా ఔషధమే అన్నాడాయన.

మింజూరు_మల్లి
మా బాబుకి చేతుల నిండా పులిపిర్లు. స్కిన్ డాక్టరు కాలుస్తానంటే వాడు ఏడ్చి గోల. హోమియోలో థూజా వేశాం, కొన్ని నెలల్లో నున్నగా పోయాయి. సైడ్ ఎఫెక్టు లేదు, తియ్యగా ఉంటుంది, పిల్లలు అడిగి తింటారు. హోమియోని ఎవరూ తీసిపారేయకండి.

అంకెల_పిచ్చి
బాబుకి తగ్గడం సంతోషం మల్లి గారూ. పిల్లల్లో పులిపిర్లు చాలావరకు ఒకటి రెండేళ్ళలో వాటంతట అవే పోతాయి, అందుకే ఏ మందు వేస్తే దానికి పేరొస్తుంది. హోమియో, ఆయుర్వేదం ఒకే గాటన కట్టకూడదని నా అభిప్రాయం. ఆయుర్వేద కషాయంలో పదార్థం ఉంటుంది, మంచైనా చెడైనా చేస్తుంది. హానెమాన్ జర్మనీలో మొదలుపెట్టిన హోమియోలో 30సీ అంటే నూటికి ఒకటి చొప్పున ముప్ఫైసార్లు పలచన చేయడం. 12సీ దాటేసరికే అసలు పదార్థం అణువు ఒక్కటీ మిగలడం అనుమానం. 2015లో ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి ఉన్న పరీక్షలన్నీ వడపోసి, హోమియో పనిచేస్తుందని నమ్మదగ్గ ఆధారం ఏ జబ్బులోనూ లేదని తేల్చింది. పులిపిర్లకైతే పోనీ అనుకోవచ్చు. వేళ్ళ ఎముకలు తినే జబ్బుకి తియ్యటి గుళిక వేసి కాలం గడపడం నాకు భయం.

మింజూరు_మల్లి
మీ లెక్కలు మీవి. మా డాక్టరు గారు గంటసేపు కూర్చోబెట్టి బాబు నిద్ర, భయాలు, తిండి అన్నీ అడిగారు. పెద్దాస్పత్రిలో ఎవరడిగారు?

నైట్_డ్యూటీ
దీనికి మాత్రం నా దగ్గర జవాబు లేదండీ. మా ఓపీలో ఒక్కొక్కరికి దక్కేది రెండు మూడు నిమిషాలు. రోగి కుర్చీలో సర్దుకునేలోపే చీటీ రాసేయాలి. వాళ్ళు ఇంకోచోటికి వెళ్ళడంలో సగం కారణం మందు కాదు, వినే మనిషి. హస్తవాసి అని మన పెద్దలు అనేది చాలావరకు ఇదే.

వేళచ్చేరి_వనజ
నిజం. అమ్మని మామయ్య బలవంతం మీద ఒక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన చేయి పట్టుకుని, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తుందమ్మా అని అడిగితే అమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. ఆయన మీద అప్పుడే గురి కుదిరింది. ఇచ్చినవి ఒక అరిష్టం సీసా, మహాయోగరాజ గుగ్గులు, కాగితంలో కట్టిన బూడిదరంగు పొడి. పొడిలో ఏముందని అడిగితే "మా తాతల నాటి రహస్యం" అన్నారు. ఇవి వాడొచ్చా?

మాత్రలకొట్టు
పొడి వాడకండి. ముందు ఆ పొట్లం పక్కన పెట్టేయండి. కీళ్ళ నొప్పులకి ఇచ్చే పేరులేని పొడుల్లో స్టెరాయిడ్ కలపడం మా లైన్లో అందరికీ తెలిసిన బాగోతం. మా వీధిలో ఒకావిడ అలాంటి పొడి తిని నొప్పులు మాయమయ్యాయని మురిసిపోయింది. నెలల్లో ముఖం గుండ్రంగా ఉబ్బింది, షుగర్ పెరిగింది. ఒక్కసారిగా మానేసరికి కళ్ళు తిరిగి పడిపోతే ఆస్పత్రిలో చేర్చారు. మీ అమ్మగారు ఇప్పటికే స్టెరాయిడ్ మీద ఉన్నారు, పైన ఇంకెంత పడుతుందో తెలియదు.

గుగ్గులు సంగతి. యోగరాజ గుగ్గులు వేరు, మహాయోగరాజ గుగ్గులు వేరు. డబ్బా తిప్పి వెనక చదవండి. మహా అన్నదాంట్లో నాగ భస్మం, వంగ భస్మం, రససింధూరం ఉంటాయి. నాగం అంటే సీసం, వంగం తగరం, రససింధూరంలో పాదరసం. చట్టంలోని విషపదార్థాల పట్టికలో ఉన్నవి కలిస్తే డాక్టరు పర్యవేక్షణలోనే వాడాలని లేబుల్ మీద హెచ్చరిక ఉండాలి. అమెరికాలో నెట్‌లో దొరికే ఆయుర్వేద మందులు 193 కొని పరీక్షిస్తే అయిదింట ఒకదానిలో సీసమో, పాదరసమో, ఆర్సెనికో దొరికాయని 2008లో అచ్చయింది.

పల్లవరం_ప్రసాద్
శోధన మారణ చేసిన, అంటే శుద్ధి చేసి పుటం పెట్టి కాల్చిన భస్మం పచ్చి లోహం కాదు. అది తెలియకుండా భయపెట్టకండి.

తిప్పతీగ
సరిగ్గా చేస్తే రూపం మారుతుంది, నిజం. కానీ ఎవరు చేశారు, ఎన్ని పుటాలు పెట్టారు అన్నది డబ్బా చూసి మీకూ తెలియదు, నాకూ తెలియదు. ఒంట్లోకి వెళ్ళాక ఎంత సీసం రక్తంలో చేరిందో రక్తపరీక్ష చెబుతుంది, నేను దాన్నే నమ్ముతాను. వనజ గారూ, అరిష్టం కూడా వద్దు. అరిష్టాలు, ఆసవాలు పులియబెట్టి చేసేవి, వాటిలో సహజంగానే ఆల్కహాల్ పుడుతుంది. మెథోట్రెక్సేట్ వాడేవాళ్ళకి మద్యం వద్దని చెప్పేది లివర్ కోసమే. ఈ ఒక్క సంగతి రెండు వైపుల డాక్టర్లూ రోగిని అడగరు, అదే నాకు కోపం.

సౌకార్‌పేట_పెద్దాయన
ఈ ఊళ్ళో ఈ రెండు వైద్యాలూ ఒకప్పుడు కలిసి నడిచాయి, అదీ మన తెలుగువాళ్ళ చేతుల మీదుగా. పండిత గోపాలాచార్యులు గారు మద్రాసులో ఆయుర్వేదాశ్రమం పెట్టి మందులు చేశారు, శిష్యుల్ని తయారుచేశారు. కేసరి గారి లోధ్ర మందు తెలియని తెలుగు ఇల్లు ఉండేది కాదు, ఆ డబ్బుతో ఆయన బడి కట్టారు. ఆచంట లక్ష్మీపతి గారైతే ఇంగ్లీషు వైద్యం పట్టా పుచ్చుకుని తర్వాత ఆయుర్వేదం నేర్చుకున్నారు. ఎగ్మోర్‌లో రుక్మిణీ లక్ష్మీపతి రోడ్డు ఆయన భార్య పేరే, ప్రకాశం గారి మంత్రివర్గంలో ఆరోగ్య మంత్రి. 1921లో మద్రాసు ప్రభుత్వం దేశీ వైద్యాల సంగతి చూడమని ఉస్మాన్ కమిటీ వేసింది. ఆ తర్వాత 1925లో కీల్పాక్‌లో దేశీ వైద్య పాఠశాల వచ్చింది. ఆయుర్వేదం, సిద్ధ, యునానీ చదివేవాళ్ళకి అక్కడ శరీరశాస్త్రం, శస్త్రచికిత్స కూడా చెప్పేవారు. అదే చివరికి 1960లో కీల్పాక్ మెడికల్ కాలేజీ అయిపోయింది. కలిపి చదవాలన్న ఆలోచన మంచిదే. కలిపినచోట బలమైనది రెండోదాన్ని మింగేసింది. నాకు ఇప్పటికీ అది తీరని బాధే.

శొంఠి_కాఫీ
కీల్పాక్ కాలేజీ వెనక ఇంత కథ ఉందా! రోజూ బస్సులో దాని ముందు నుంచే వెళ్తాను.

అంకెల_పిచ్చి
పెద్దాయన గారి బాధ అర్థమైంది. కానీ మింగేయడం ఒక వైపు నుంచే కాదు. సర్పగంధ ఉంది కదా, మన వైద్యులు తరాలుగా వాడింది. బొంబాయి డాక్టర్ రుస్తుం జల్ వకీల్ దాన్ని బీపీ రోగులకి ఇచ్చి, కొలిచి 1949లో బ్రిటిష్ పత్రికలో రాశారు. మూడేళ్ళకి దాన్నుంచి రిసర్పిన్ తీశారు, ప్రపంచమంతా వాడింది. తర్వాత అంతకంటే ఇబ్బంది తక్కువ మందులొచ్చి అది వెనకపడింది. చైనావాళ్ళ పాత గ్రంథంలోని మొక్క నుంచి మలేరియా మందు తీసినందుకు తూ యూయూకి 2015లో నోబెల్ ఇచ్చారు. పాత పుస్తకంలో ఉందన్న గౌరవం చాలదు, ఎవరో కూర్చుని కొలవాలి.

పల్లవరం_ప్రసాద్
కొలవండి, వద్దనలేదు. కొలిచేదాకా ఇన్నాళ్ళూ పనిచేసింది పనిచేయలేదనకండి. వనజ గారూ, పొడి విషయంలో మాత్రం మాత్రలకొట్టు గారి మాట వినండి. లోపల ఏముందో చెప్పని మందు ఏ వైద్యమూ కాదు.

మాత్రలకొట్టు
ప్రసాద్ గారు, నేను ఒక మాట మీదికి వచ్చాం, రాసి పెట్టుకోండి అందరూ. ఇంకొకటి, కీళ్ళవాతం పూర్తిగా నయం చేస్తామని ప్రకటనలు కనిపిస్తే దూరంగా ఉండండి. 1954 నాటి చట్టం ప్రకారం కీళ్ళవాతం, షుగర్ లాంటి జబ్బులు మాన్పుతామని ప్రకటన ఇవ్వడమే నేరం.

వేళచ్చేరి_వనజ
కీళ్ళ డాక్టరుకి ఫోన్ చేసి అన్నీ చెప్పాను. తిట్టలేదు. పొట్లం, సీసా, డబ్బా మూడూ సంచిలో వేసుకుని రమ్మన్నారు, లివర్ పరీక్ష, రక్తకణాల లెక్క, సీసం పరీక్ష రాశారు. మాత్ర పూర్తిగా పనిచేయడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుందట, నెలకే తగ్గలేదని అనుకోవద్దన్నారు. ఇది ముందే చెప్పుంటే అమ్మ మాత్ర దాచేది కాదు. మామయ్యకి కోపం వచ్చింది, రెండు రోజులుగా మాట్లాడటం లేదు. తిప్పతీగ గారూ, మీరన్న ఇసుక కాపడం ఇంట్లో పెట్టొచ్చా? అమ్మకి ఏదో ఒకటి మన వైద్యం చేస్తున్నామన్న తృప్తి ఉంటుంది.

తిప్పతీగ
పెట్టొచ్చు. శుభ్రంగా కడిగి ఎండబెట్టిన ఇసుక ఇనప మూకుడులో వేయించి, మందపాటి నూలు గుడ్డలో మూటకట్టండి. పొద్దున పట్టేసిన కణుపుల మీద ఆనించి తీస్తూ పావుగంట. నూనె వద్దు. కీలు ఎర్రగా, తాకితే వేడిగా ఉన్న రోజు మానేయండి.

నైట్_డ్యూటీ
దీనికి నా వైపు నుంచి అభ్యంతరం లేదు. అమ్మగారికి షుగర్ ఉందా?

వేళచ్చేరి_వనజ
ఉంది, చాలా ఏళ్ళుగా.

నైట్_డ్యూటీ
అయితే మూట ముందు మీ ముంజేతి మీద పెట్టుకుని చూశాకే ఆవిడకి పెట్టండి. షుగర్‌తో స్పర్శ తగ్గినవాళ్ళకి చర్మం కాలినా తెలియదు.